ఇత్తడి గుండిగ ఇచ్చి తెచ్చిన మిషను

పోయిన నెలలో రాజమండ్రిలో మా ఇంటికి నీళ్ళ ఫిల్టరు బిగించడానికి ఒకతను వచ్చాడు. గోడకి చిల్లు పెడుతుండగా అతని డ్రిల్లు మిషను గరగరమని, సందుల్లోంచి నిప్పురవ్వలు రాల్చి ఆగిపోయింది. కాలిన బొగ్గుపొడి, వేడెక్కిన గ్రీజు కలిసిన వాసన వంటింటి నిండా అలముకుంది. "దీని పని అయిపోయిందండి, ఇంక కొత్తది కొనుక్కోవడమే" అని అతను దాన్ని సంచిలో పడేయబోతుంటే, "కార్బన్లు చూశావా బాబూ?" అన్నాను. రిటైరైన తెలుగు టీచరు నోట ఆ మాట వచ్చేసరికి అతను స్టూలు మీదనుంచి వెనక్కి తిరిగి నవ్వాడు. "మీకెలా తెలుసండీ ఇవన్నీ?" అన్నాడు. కాఫీ చేతికిచ్చి మాట దాటేశాను. గుమ్మంలో నిలబడి చెప్పేసే సంగతి కాదది. అతను వెళ్ళిపోయాక కూడా ఆ వాసన పోలేదు. కిటికీలు తీయబుద్ధి కాలేదు నాకు.

ఆ వాసన మొదటిసారి నా ముక్కుకి తగిలింది రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో, కాలవ గట్టు కింద చర్చి పేటలో, మా పెంకుటింటి వసారాలో. నేనప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను. నాన్న రైస్ మిల్లులో బస్తాలు కుట్టేవాడు. సాయంత్రం ఇంటికొస్తే ఆయన చొక్కాలోంచి తవుడు రాలేది. అమ్మ పేరు సువార్తమ్మ. పెళ్ళయిన కొత్తలో ఊడ్పులకీ కోతలకీ వెళ్ళేది గానీ, నడుం పట్టేయడం మొదలయ్యాక కొబ్బరిచిప్పల పనిలోకి దిగింది. చిప్పల్ని గీకి, గరుకు కాయితంతో రుద్ది, కొబ్బరినూనె పట్టించి, కుంకుమ భరిణెలూ గరిటెలూ చేసేది. వాటిని అన్నవరం కొండ కింద కొట్టున్న వీర్రాజుగారు కొనేవారు. ఆదివారం పొద్దున్నే చర్చిలో కూర్చునే మా అమ్మ, మిగతా వారమంతా సత్యనారాయణస్వామి భక్తులకి కుంకుమ భరిణెలు చేయడంలో మా ఇంట్లో ఎవరికీ వింత కనబడలేదు. భరిణె నునుపుగా ఉందా లేదా అన్నదే ఆవిడ బాధ.

నునుపు ఊరికే రాదు. రోజూ రుద్ది రుద్ది అమ్మ వేళ్ళ చివర్లు అరిగిపోయి, గులాబీరంగు పొర బయటపడింది. ఆ వేళ్ళతో ఆవకాయ అన్నం కలుపుకోలేకపోయేది. కారం తగిలితే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. కాలేజీకి వెళ్ళేముందు నేనే కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టేదాన్ని. "చంటిపిల్లనైపోయానే విమలా" అని నవ్వేది. నేను రుద్దుతానని కూర్చుంటే మాత్రం ఊరుకునేది కాదు. "చదువుకునే చేతులు, ఇందులో పెట్టకు" అని చిప్ప లాగేసుకునేది. చిల్లులు పెట్టడం మరీ కష్టం. మేకుని కుంపట్లో ఎర్రగా కాల్చి చిప్పకి ఆనిస్తే చుట్టూ నల్లగా మాడేది, సగం చిప్పలు పగుళ్ళిచ్చేవి. ఆ ఏడాది ఊడ్పులు మొదలయ్యే రోజుల్లో వీర్రాజుగారు కబురంపారు. కార్తీక మాసానికి ఎప్పుడూ ఇచ్చేదానికి ఎన్నో రెట్లు సరుకు కావాలి, మాడిన మచ్చ ఉండకూడదు, ఇవ్వలేకపోతే ఇప్పుడే చెప్పండి, వేరేచోట చూసుకుంటాను అని. ఆయన వేరేచోట చూసుకుంటే అమ్మ మళ్ళీ పొలంలోకి వంగాల్సిందే. ఆ నడుంతో అది జరిగే పని కాదని మా అందరికీ తెలుసు.

ఇక్కడ మా మామ్మ గురించి చెప్పాలి. నాన్నకి అమ్మ, ఏలీశమ్మ. కోడి కూయకముందే లేచి, కీర్తన పాడుకుంటూ వాకిలి ఊడ్చి, తమలపాకు నోట్లో వేసుకుని, చింతపండూ బూడిదా పట్టుకుని ఇత్తడి గుండిగ ముందు కూర్చునేది. పేటలో ఏ పెళ్ళి జరిగినా పప్పు ఆ గుండిగలోనే ఉడకాలి. వెళ్ళేటప్పుడు ఎలా వెళ్ళిందో తిరిగొచ్చేటప్పుడు అలాగే రావాలి, లేకపోతే ఆ ఇంటివాళ్ళకి మామ్మ చేతిలో చీవాట్లే. నాన్న పెళ్ళిలో పందిట్లో నలుగురి ముందు ఆ గుండిగని కోడలికి కానుకగా ఇచ్చింది. ఇచ్చేసిందన్న మాటే గానీ తోమడం మాత్రం ఎవరికీ వదల్లేదు.

ఒకరోజు అమ్మ చిప్పలు గీకడానికి పాత రంపపు బ్లేడ్లు కొందామని రామచంద్రపురంలో పాత ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళింది. అక్కడ మేకుకి వేలాడుతూ ఒక డ్రిల్లు మిషను కనబడింది. ఎక్కడో మూతపడిన బస్సు బాడీల షెడ్డులోంచి వచ్చిందట. రంగు పోయి, పిడికి నల్ల టేపు చుట్టి, పసిపిల్లంత బరువుండే లోహపు ముద్ద అది. "తిరుగుద్దో లేదో నేను చెప్పలేనండి" అన్నాడట కొట్టతను. అమ్మ ఇంటికొచ్చింది, రెండు రోజులు చిప్పలు రుద్దుతూ గుండిగ ఉన్న మూలకేసే చూసింది. మూడో రోజు మామ్మ పక్కవీధిలో ప్రార్థన కూడికకి వెళ్ళినప్పుడు గుండిగని గోనెసంచిలో పెట్టి, "ఒక చెవి పట్టుకో" అంది నాతో. ఇద్దరం దాన్ని ఆ ఇనప కొట్టుకి మోసుకెళ్ళి, మిషనుతో తిరిగొచ్చాం.

మామ్మ తిరిగొచ్చి ఖాళీ మూల చూసింది. వసారాలో నాపరాయి మీద కూర్చున్న ఆ ఇనప ముద్దని చాలాసేపు చూసి, "విమలా, మీ అమ్మని అడుగు, అన్నం వండిందేమో" అంది. అమ్మ అక్కడే నిలబడి ఉంది. ఆ పూటనుంచి మామ్మ కోడలితో మాట్లాడాల్సిందేదైనా నాతోనే చెప్పించేది. కోడలికిచ్చిన వస్తువు కోడలిదే, కాదనడానికి నోరు రాదు. ఔననడానికి మనసు రాదు.

నాన్న ఆ సాయంత్రమే వైర్లు ప్లగ్గులో దోపి మీట నొక్కాడు. ఢామ్మని ఫ్యూజు పేలింది. పొగతో పాటు ఆ వాసన వచ్చింది. నాన్న చెయ్యి విదిలించుకుంటూ, "ఇత్తడిచ్చి పొగ తెచ్చావా?" అన్నాడు. మామ్మ తమలపాకుకి సున్నం రాస్తూ, తల ఎత్తకుండా, "విమలా, మీ అమ్మకి చెప్పు. గుండిగలో కనీసం పప్పన్నా ఉడికేది" అంది. అమ్మ లోపలికెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. మంట ఎగదోస్తూ నాకేసి చూడకుండా, "నువ్వు చదివే పుస్తకంలో మోటారు గురించి ఉందా?" అని అడిగింది.

ఉంది. ఫిజిక్సు పుస్తకంలో బొమ్మ ఉంది. అయస్కాంతం, మధ్యలో తిరిగే తీగచుట్టు, దానికి రెండువైపులా ఆనుకునే బ్రష్‌లు. నేను ఆ బొమ్మని పరీక్షకి గీయడం నేర్చుకున్నానే గానీ, అది నిజంగా ఒక పెట్టెలో ఉంటుందని ఊహించలేదు. మర్నాడు పాత చీర పరిచి కూర్చున్నాం. మరలన్నీ తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. కిరసనాయిలు పోసి ఒక రోజంతా నానబెట్టాం. అయినా రాని మరకి అమ్మ రంపపు బ్లేడుతో కొత్త గాడి కోసి, రెండు చేతులతో స్క్రూడ్రైవరు తిప్పింది. కిర్రుమని ఊడినప్పుడు ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. ఊడినవి ఊడినట్టు వరసగా కొబ్బరిచిప్పల్లో వేసుకున్నాం, మళ్ళీ బిగించేటప్పుడు తికమక పడకుండా. లోపలంతా నల్లటి పొడి. గ్రీజు ముదురుపాకంలా గట్టిపడిపోయింది. మధ్యలో రాగి తీగచుట్టు మట్టుకు, పుస్తకంలో బొమ్మలాగే, చక్కగా కూర్చుని ఉంది.

అది కాలిపోయిందో లేదో మాకు తెలియదు. సంచిలో పెట్టుకుని ఊళ్ళో మోటార్ల వైండింగ్ కొట్టు సత్తిబాబు దగ్గరికి తీసుకెళ్ళాం. కొట్టు నిండా రైతుల పంపుసెట్టు మోటార్లు, వార్నిషు ఘాటు. అతను బల్బుకి కట్టిన రెండు తీగలు తీగచుట్టు చివరనున్న రాగి ముక్కలకి ఒక్కొక్కదానికీ ఆనిస్తూ పోయాడు. ప్రతిసారీ బల్బు వెలిగింది. ఒక తీగని ఇనుముకి ఆనించి చూస్తే వెలగలేదు.

"వైండింగ్ బతికే ఉందండి" అన్నాడు.

"మరి ఫ్యూజు ఎందుకు పోయిందండీ?" అన్నాను.

"అది మీరే వెతుక్కోవాలండి. ఊడ్పుల రోజులు. వీళ్ళందరి మోటార్లూ అయ్యేదాకా నేను తలెత్తలేను" అని, వెళ్ళబోతున్న అమ్మని ఆపి, "ఒక్క మాట అక్కయ్యగారూ. బాడీ అంతా లోహమండి. మూడు తీగల వైరు వేయించి ఎర్తింగు పెట్టకుండా మట్టుకు ముట్టుకోకండి. ఆయ్, నవ్వులాట కాదండి" అన్నాడు.

బల్బు వెలుగు చూసొచ్చాక నాన్న కూడా మెత్తబడ్డాడు. ఆదివారం ఆరాధన అవగానే పెరట్లో గొయ్యి తవ్వి, ఇనప గొట్టం పాతి, బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చాడు. గొయ్యి ఎప్పుడూ తడిగా ఉండాలన్నాడు సత్తిబాబు. రోజూ నీళ్ళు పోయాలని నేనే అనుకుని, కాలేజీ హడావుడిలో మర్చిపోయేదాన్ని. ఎప్పుడు చూసినా గొయ్యి తడిగానే ఉండేది. ఒకరోజు పెందరాళే ఇంటికొచ్చేసరికి, మామ్మ బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి ఆ గొట్టం మొదట్లో పోస్తోంది. నన్ను చూసి, "మొక్కేమో అనుకున్నాను" అంది. కళ్ళు కనబడని మనిషేం కాదావిడ. నేను అమ్మతో చెప్పాను. ఆ రాత్రి మామ్మ కంచంలో చేపముక్క పెద్దది పడింది.

ఫ్యూజు జబ్బు నాకే దొరికింది. వైరు మిషనులోకి దూరే చోట రబ్బరు పిండిలా రాలిపోయి, రెండు తీగలూ లోహానికి తగులుతున్నాయి. కొత్త వైరు వేశాం. అమ్మ రబ్బరు చెప్పులు తొడుక్కుని పీట మీద నిలబడి మీట నొక్కింది. గిర్రున తిరిగింది! నేను చప్పట్లు కొట్టేలోపే సందుల్లోంచి రవ్వలు రాలి ఆగిపోయింది. విప్పి చూస్తే, రాగి మీద ఆనుకోవాల్సిన కార్బన్లు, అదే పుస్తకంలో బ్రష్‌లు, గోరంత కూడా మిగల్లేదు. ఆ కొలత కార్బన్లు రామచంద్రపురంలో లేవు, కాకినాడలోనూ దొరకలేదు. చివరికి సత్తిబాబు ఒక పెద్ద మోటారులోంచి తీసిన పాత కార్బన్లు ఇచ్చాడు. "ఇవి లావండి. అరగదీసుకుంటే పట్టొచ్చు. ఇంతకుమించి నా దగ్గర లేవండి" అన్నాడు.

అరగదీయడం! అమ్మకి ఇంతకంటే తెలిసిన పని ఏముంది? అద్దం ముక్క మీద గరుకు కాయితం పరిచి, పుండుపడిన వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని, ఆ నల్లటి ముక్కని మెల్లగా రుద్దింది. రుద్దడం, గూటిలో పెట్టి చూడడం, తీయడం, మళ్ళీ రుద్దడం. బిగుతుగా ఉంటే కదలదు, వదులైతే ఊగుతుంది. ఒకటి చక్కగా కుదిరింది. రెండోది చివరికొచ్చేసరికి అంచు విరిగింది. అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. నేను విరిగినవైపు వెనక్కి తిప్పి గూటిలో పెట్టి చూశాను. స్ప్రింగు వైపు అంచు కొంచెం పోయినా నష్టం లేదు, రాగికి ఆనే వైపు నిండుగా ఉంది. "అమ్మా, ఇది పనికొస్తుంది" అన్నాను. "నిజంగానా, నా కోసం అంటున్నావా?" అంది. అప్పుడు తొలిసారి గరుకు కాయితం నా చేతికిచ్చింది. ఆ చివర కాస్త గుండ్రం తేల్చే పని నాది. రాగి ముక్కల మధ్య సందుల్లో పేరుకున్న మసిని పిన్నీసుతో తీశాను. కొత్త గ్రీజు సైకిలు షాపులో అడిగి తెచ్చాను. బరమా, అదే చిల్లు పెట్టే మొన, బిగించే తాళం పోయిందని నాన్న మిల్లులో ఆకురాయి అరువు తెచ్చుకుని, ఒక పాత బోల్టుని పళ్ళు పళ్ళుగా రాకి తాళం చేసిచ్చాడు. పొగ తెచ్చావా అన్న మనిషే!

ఈసారి మీట నొక్కగానే వచ్చిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. గుక్క తిప్పుకోని, నిండైన చప్పుడు. పెంకుల మీద కాకులు లేచిపోయాయి. పక్కింటివాళ్ళు వచ్చి పిట్టగోడ మీదనుంచి చూశారు. అమ్మ మీట వదలదే! "చాలే, వేడెక్కుద్ది" అని నాన్న అరిస్తే అప్పుడు వదిలి, ఒక చిప్ప తీసుకుని, మొనని మధ్యలో ఆనించింది. సన్నటి గోధుమరంగు పొడి రాలింది. వేయించిన కొబ్బరి వాసన వచ్చింది. మాడిన మచ్చ లేదు, పగులు లేదు, గుండ్రటి చిల్లు. అమ్మ ఆ చిప్పని మొహానికి అడ్డం పెట్టుకుని చిల్లులోంచి నాకేసి చూసింది. ఆ చిల్లు నిండా ఆవిడ కన్ను నవ్వుతోంది.

తర్వాత మా చేతులు ఆగలేదు. మిషనుని చెక్కకి ఇనప పట్టీలతో పడుకోబెట్టి బిగించి, మొనకి బదులు గరుకు కాయితం అంటించిన బిళ్ళ పెట్టాం. చిప్పని దానికి ఆనిస్తే చాలు, అమ్మ పూటంతా రుద్దేది నిమిషాల్లో అయిపోయేది. గుడ్డబిళ్ళతో మైనం పట్టిస్తే చిప్ప నల్లరాయిలా మెరిసేది. వేళ్ళకి గుడ్డపీలికలు ఒక్కొక్కటీ ఊడిపోయాయి. వినాయక చవితి పత్రి అమ్మకానికొచ్చిన రోజుల్లో అనుకుంటాను, ఒక మధ్యాహ్నం అమ్మ ఆవకాయ జాడీ తానే తీసి, అన్నంలో వేసుకుని, ఎర్రగా కలుపుకుని తింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నానని కూడా గమనించలేదు.

కార్తీక మాసం ఇంకా రాకముందే గోనెసంచుల్లో సరుకు సర్దుకుని అన్నవరం బస్సెక్కాం. వీర్రాజుగారు లావుపాటి మనిషి, నోట్లో ఎప్పుడూ ఏలక్కాయ. ఒక భరిణె తీసి వెలుగులో తిప్పాడు. మూత తీశాడు, పెట్టాడు. ఇంకోటి తీశాడు. ఆయన మచ్చ కోసం వెతుకుతున్నాడు. సంచి అడుగునుంచి కూడా ఒకటి లాగి చూశాడు.

"ఎక్కడ చేయించారమ్మా? మేస్త్రీ ఎవరు?"

"మేమేనండి" అంది అమ్మ.

"మిషను పని ఇది. నాకు తెలీదేంటి? మిషను మీద ఎవరు చేశారూ అని."

నేను ఉండబట్టలేకపోయాను. "మా అమ్మేనండి మేస్త్రీ. మిషను బాగుచేసింది కూడా మేమేనండి" అన్నాను. ఆయన అమ్మ చేతులకేసి చూశాడు. ఏమనుకున్నాడో, "కూర్చోండమ్మా, కూర్చోండి" అని తన కుర్చీ జరిపి, కాఫీ చెప్పాడు. అన్నేళ్ళలో ఆ కొట్లో అమ్మ కూర్చోవడం అదే మొదలు. కాఫీ తాగుతూ, "ఇంక సంక్రాంతికి ఎంత ఇవ్వగలరు?" అని ఆయన అడిగితే, "మీరు ఎంత అమ్మగలరండీ?" అని అమ్మ ఎదురడిగింది. బయటికొచ్చాక చూసుకున్నాం, ఆవిడ చేతిలో ఖాళీ గ్లాసు అలాగే ఉండిపోయింది. వెనక్కెళ్ళి ఇచ్చి వచ్చాను.

ఆ మిషను మా ఇంట్లో చాలా ఏళ్ళు పనిచేసింది. నా చదువూ, పేటలో మరి కొందరు ఆడవాళ్ళ చేతి పనీ దాని మీదే నడిచాయి. ఆ రోజులే మంచివని నేను అనను. అమ్మ వేళ్ళని ఎరిగినదాన్ని, ఎలా అంటాను? ఇప్పుడు నా ఇంట్లో ఉన్న వస్తువులు తేలిక, చవక, చప్పుడు తక్కువ. కానీ వాటిలో సగానికి విప్పడానికి ఒక్క మరైనా ఉండదు, అతికించేసి ఉంటాయి. పాడైతే అవి మనకి తలుపు మూసేస్తాయి. ఆ పాత మిషను మమ్మల్ని ఎన్ని తిప్పలు పెట్టినా లోపలికి రానిచ్చింది. లోపల ఏముందో ఒకసారి చూసినవాళ్ళకి తర్వాత ఏది ఆగిపోయినా మరీ అంత భయం వేయదు. నలభైమంది పిల్లల ముందు మొదటిరోజు నిలబడ్డప్పుడు నాకు వేయలేదు. కాన్పు గదిలోనూ వేయలేదు. అమ్మ చనిపోయిన ఏడాది మాత్రం వేసింది, దాన్ని ఏ స్క్రూడ్రైవరూ విప్పలేదు.

కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైన జ్ఞాపకం అన్నవరం కాదు. ఆ ఏడాది మా చర్చిలో జరిగిన కోత పండుగ. కొత్త వడ్లు ఇంటికొచ్చాక, ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అవగానే వాటికి వేలంపాట. గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, చర్చి అంతా తోటలా వాసనేస్తుంది. అమ్మ ప్రతి ఏడూ కోడిపెట్టని ఇచ్చేది. ఆ ఏడు తన పంట అదే కదా అని, మూతతో ఒక పెద్ద గిన్నె చేసి పెట్టింది. తన చేతుల్లోంచి వచ్చినవాటిలో అంత నునుపైనది మరొకటి లేదు. పాస్టరుగారు దాన్ని పైకెత్తి, "ఇది మన సువార్తమ్మగారు సొంతంగా బాగుచేసుకున్న మిషను మీద చేసిందండి" అన్నారు. అందరూ తలలు తిప్పి చూశారు. అమ్మ చీర కొంగు తలమీదకి లాక్కుంది.

హెడ్మాస్టరుగారు పాట మొదలుపెట్టారు. మిల్లు గుమస్తా పెంచాడు. హెడ్మాస్టరుగారు మళ్ళీ పెంచారు. ఒక కొబ్బరిచిప్ప కోసం ఇద్దరు పెద్దమనుషులు పోటీపడుతుంటే జనం మొదట నవ్వారు, తర్వాత మెడలు చాచి చూశారు. పాట గుమస్తా వదిలేసేదాకా వెళ్ళింది. పాస్టరుగారు ఒకటోసారి అన్నారు. అప్పుడు ఆడవాళ్ళ వైపునుంచి ఒక గొంతు, హెడ్మాస్టరుగారి కంటే ఎక్కువ పాడింది. మామ్మ! చాప మీదనుంచి లేచి, చెక్కిన బొమ్మలా నిలబడి, కొంగు ముడి విప్పుతోంది.

"ఏంటత్తయ్యా ఇది? మనింట్లోదే కదా, ఇంకోటి చేసిస్తాను కూర్చోండి" అని అమ్మ గుసగుసలాడింది.

మామ్మ అలవాటుగా నాకేసి తిరిగింది. "విమలా, మీ అమ్మకి చెప్పు..." అని ఆగిపోయింది. ఇన్ని నెలల తర్వాత నన్ను దాటి, సూటిగా అమ్మ మొహంలోకి చూసింది.

"నా కోడలు చేసిన వస్తువు నా కళ్ళముందే పరాయింటికి పోతుంటే నోరు మూసుకు కూర్చోమంటావా, సువార్తా?"

హెడ్మాస్టరుగారు నవ్వుతూ చేతులు జోడించి కూర్చున్నారు. పాస్టరుగారు రెండోసారి అన్నారు. మూడోసారి అనేలోపే మామ్మ బల్ల దగ్గరికి నడిచి గిన్నె చేతుల్లోకి తీసేసుకుంది.